ఏళ్లుగా ఆగని సర్వర్‌ని ఈ ఆదివారం ఆపాలి, తిరిగి లేస్తుందా?

కొత్తరోడ్డు_సిస్టమ్స్ (మంగళవారం రాత్రి)

అందరికీ నమస్కారం. వైజాగ్ పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ అండ్ ఫార్వర్డింగ్ ఆఫీసులో సిస్టమ్స్ చూస్తుంటాను. చూడటం అంటే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నేనే, వైఫై రాకపోయినా నేనే, సర్వర్ కూడా నేనే.

మా బిల్డింగ్ ఓనరు గారు కరెంటు మెయిన్ ప్యానెల్‌ని మెట్ల కింద నుంచి మొదటి అంతస్తుకి మార్పిస్తున్నారు. పెద్ద వాన పడితే చాలు మెట్ల కిందకి నీళ్లు వచ్చేస్తాయి, ఎప్పటినుంచో మేమే అడుగుతున్నాం. ఆదివారం పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం దాకా కరెంటు ఉండదన్నారు. జనరేటర్ లైను కూడా ఆ ప్యానెల్ మీదుగానే వస్తుంది. యూపీఎస్ గంటన్నర లాగితే గొప్ప. అంటే సర్వర్ ఆపక తప్పదు.

చిక్కేమిటంటే ఇది 2018లో ర్యాక్ జరిపినప్పుడు ఆగడమే ఆఖరు. అప్‌టైమ్ (ఆగకుండా నడిచిన కాలం) కొడితే రెండు వేల రోజులు దాటి చూపిస్తోంది. రెండు జియాన్ ఈ5 ప్రాసెసర్లు, సెంట్‌ఓఎస్ 6 లినక్స్, దాని కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) 2013 నాటిది. ఓఎస్‌కి రెండు డిస్కులు రెయిడ్ 1లో, డేటాకి మూడు డిస్కులు రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా కలిపి పెట్టే పద్ధతులు), అన్నీ కొన్నప్పటివే. దీని మీదే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, టామ్‌క్యాట్ (జావా సర్వర్)లో నడిచే బిల్లింగ్ అప్లికేషన్, సాంబా షేర్ (ఆఫీసులో అందరూ వాడే ఫోల్డర్)లో స్కాన్ చేసిన బిల్ ఆఫ్ ఎంట్రీలు, షిప్పింగ్ బిల్లులు, డెలివరీ ఆర్డర్లు. రోజూ రాత్రి డేటాబేస్ డంప్ (పూర్తి కాపీ), షేర్ ఫైళ్లు ఒక యూఎస్‌బీ డిస్కులోకి పడతాయి. మొన్న ఒక డంప్ వేరే పీసీలో రీస్టోర్ చేసి చూశాను, బాగానే వచ్చింది.

దీన్ని పెట్టిన సీనియర్ గారు రిటైరై విజయనగరం వెళ్లిపోయారు. ముందు ప్యానెల్ మీద ఆయన మార్కర్‌తో రాసి అంటించిన కాగితం ఇంకా ఉంది: ‘ఆపవద్దు. ముందు నాకు ఫోన్ చేయండి.’ కింద నంబరులో చివరి రెండంకెలు చెరిగిపోయాయి. అకౌంట్స్ వాళ్ల దగ్గర నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. “ఏమో బాబూ, అప్పట్లో ఒకటో రెండో చేత్తో స్టార్ట్ చేసిన గుర్తు, ఏవో మాత్రం గుర్తులేదు” అన్నారు. అప్పటినుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదు.

మా మేనేజర్ గారేమో “ముట్టుకోకపోతే దాని మానాన అది నడుస్తోంది కదయ్యా, ఇంకో యూపీఎస్ అద్దెకి తెచ్చి పెట్టలేమా” అంటున్నారు. పది గంటలకి సరిపడా బ్యాటరీలు ఎవరిస్తారండీ.

ఆపే ముందు ఏమేం చూసుకోవాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


మధురవాడ_దేవ్ (మంగళవారం రాత్రి)

బ్యాకప్ ఉంది, రీస్టోర్ కూడా చూశారు. ఇంకెందుకు బ్రో టెన్షన్? షట్‌డౌన్ కొట్టి పడుకోండి.

సీరియస్‌గా చెప్పాలంటే అప్‌టైమ్ అంత ఉండటం గొప్పేం కాదు. అన్నేళ్లుగా కొత్త కెర్నల్ ఎక్కలేదని అర్థం. సెంట్‌ఓఎస్ 6కి అప్‌డేట్లు 2020 నవంబర్ 30తోనే ఆగిపోయాయి. ఈ వంకతో మొత్తం క్లౌడ్‌కి ఎత్తేయండి.


చినవాల్తేరు_పాతకాపు (బుధవారం ఉదయం)

తమ్ముడు చెప్పిన అప్‌డేట్ల సంగతి నిజమే. కానీ ఆదివారం లోపు ఒక ఆఫీసుని క్లౌడ్‌కి ఎక్కించడం అయ్యే పని కాదు, కాబట్టి ఉన్నదాని సంగతి చూద్దాం. నేను సర్వర్ల మధ్యే తల నెరిసినవాణ్ణి, కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ భయం ఒకటి కాదు, రెండు. సాఫ్ట్‌వేర్ అంతా ఇప్పుడున్నట్టే పైకి వస్తుందా అన్నది ఒకటి. కరెంటు తీసేస్తే మిషన్ అసలు లేస్తుందా అన్నది రెండోది. ఆదివారం సాయంత్రం రెండూ ఒకేసారి మీద పడితే ఏది దేనివల్ల వచ్చిందో తేలక తల ప్రాణం తోకకొస్తుంది. అందుకని శనివారం రాత్రి ఆఫీసు అయ్యాక, కరెంటు ఉండగానే, ఉత్త రీబూట్ ఒకటి చేయండి. రీబూట్‌లో డిస్కులు మామూలుగా తిరుగుతూనే ఉంటాయి. అప్పుడు ఏం తేడా వచ్చినా దాదాపుగా అది సెట్టింగుల తేడానే, సరిచేసుకోవడానికి రాత్రంతా మీదే. అది సాఫీగా అయ్యాకే ఆదివారం పవర్ తీయండి. మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి మర్చిపోకండి.

ఇక సెట్టింగులు. ఏళ్ల తరబడి నడిచిన మిషన్‌లో మెమరీలో ఉన్నది వేరు, డిస్కులో రాసి ఉన్నది వేరు అయిపోతాయి. ఎవరో అర్జెంటుగా ఒక నెట్‌వర్క్ రూట్ (దారి) యాడ్ చేస్తారు, ఒక ఐపీటేబుల్స్ (ఫైర్‌వాల్) రూల్ కొడతారు, మైఎస్‌క్యూఎల్‌లోకి వెళ్లి సెట్ గ్లోబల్ అని ఒక విలువ మారుస్తారు. పని జరిగిపోతుంది, సేవ్ చేయడం ఎవరికీ గుర్తుండదు. రీబూట్ చేసిన రోజున మిషన్ డిస్కులో ఉన్నదే చదువుకుని లేస్తుంది. మీ సీనియర్ గారు చేత్తో స్టార్ట్ చేశానన్నది కూడా ఈ కోవలోదే.

కాబట్టి ముందు ఇప్పుడున్న స్థితిని ఉన్నదున్నట్టు ఒక ఫైల్లోకి దించండి. నడుస్తున్న ప్రాసెస్‌లన్నీ, ఏ పోర్టు ఎవరి చేతిలో ఉందో చెప్పే నెట్‌స్టాట్, రూటింగ్ టేబుల్, ఐపీటేబుల్స్-సేవ్ ఇచ్చే అవుట్‌పుట్, మౌంట్‌లు, ప్రతి యూజర్ క్రాన్‌ట్యాబ్ (టైమ్ ప్రకారం నడిచే పనుల జాబితా), మైఎస్‌క్యూఎల్ వేరియబుల్స్. ఆ ఫైలుని ఆ సర్వర్‌లోనే పెట్టుకుని ఏం లాభం? పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, ప్రింటు కూడా తీయండి. నెట్‌వర్క్ రాకపోతే కాగితమే దిక్కు.

తర్వాత ఆ ప్రాసెస్‌ల జాబితాని, బూట్‌లో వాటంతటవే లేచేవి చూపించే సీహెచ్‌కెకాన్ఫిగ్ జాబితా పక్కన పెట్టి చూడండి. నడుస్తూ ఉండి, బూట్ జాబితాలో లేనిది ఏదైనా కనబడితే, అదే మీ సీనియర్ చేత్తో లేపినది. దాన్ని ఎలా లేపారో ఆయనకి గుర్తు లేకపోయినా సిస్టమ్‌కి గుర్తుంటుంది. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కిందకి వెళ్తే సీఎమ్‌డీలైన్, ఎన్విరాన్, సీడబ్ల్యూడీ అని ఉంటాయి. ఏ కమాండ్‌తో, ఏ వేరియబుల్స్‌తో మొదలైందో, ఇప్పుడు ఏ డైరెక్టరీలో ఉందో అక్కడ అక్షరం పొల్లుపోకుండా దొరుకుతుంది. ప్రాసెస్ చచ్చిపోయాక అదంతా మాయం. కాబట్టి ఇప్పుడే కాపీ చేసుకోండి.

ఇంకోటి, ఏ ప్రాసెస్ ఏ ఫైలు తెరిచిందో చూపించే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి ప్లస్ ఎల్1 ఇచ్చి చూడండి. డిస్కు మీద ఎప్పుడో డిలీట్ అయిపోయి, ప్రాసెస్ తెరిచి పట్టుకున్నందువల్ల మాత్రమే బతికున్న ఫైళ్లు బయటపడతాయి. చాలాచోట్ల పాత లాగ్ ఫైళ్లే ఉంటాయి, పట్టించుకోనక్కర్లేదు. కానీ చూడాలి.

బూట్‌లో ఏ డిస్కులు ఎక్కించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్‌లో ప్రతి లైనూ చదవండి. ఇప్పుడు లేని డిస్కు ఏదైనా అందులో ఉండి, చివరి అంకె సున్నా కాకపోతే, సెంట్‌ఓఎస్ 6 బూట్ మధ్యలో ఆగి మెయింటెనెన్స్ కోసం రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు రోజూ మీ సొంత లాగిన్‌తోనే, సుడోతో అడ్మిన్ పని కానిచ్చేస్తుంటారు కదా, రూట్ పాస్‌వర్డ్ మీకు నిజంగా తెలుసా? ఇవాళే ఎస్‌యూ కొట్టి చూసుకోండి. తెలియకపోతే సుడో ఉండగానే మార్చుకోండి. అర్ధరాత్రి ఆ ప్రాంప్ట్ ముందు తెల్లమొహం వేసినవాళ్లని చూశాను.

డేటా పార్టిషన్‌ని ట్యూన్‌టూఎఫ్‌ఎస్‌తో చూడండి. చేత్తో ఫార్మాట్ చేసినదైతే ఆరు నెలలకోసారి చెక్ చేయాలని అందులో రాసి ఉండొచ్చు. మీకు ఎన్ని ఆరు నెలలు దాటాయో లెక్కేసుకోండి. బూట్‌లో ఆ చెక్, అదే ఎఫ్‌ఎస్‌సీకే, మొదలైతే పెద్ద పార్టిషన్ మీద చాలాసేపు పడుతుంది. హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కారో, అసలుకే ఎసరు. బూట్ మెనూ, అంటే గ్రబ్ ఫైల్లో డిఫాల్ట్ కెర్నల్ ఏదో కూడా చూడండి. ఎవరో యమ్ అప్‌డేట్ కొట్టి రీబూట్ చేయకుండా వదిలేసి ఉంటే, ఈసారి మీకు పరిచయం లేని కెర్నల్ లేస్తుంది. హార్డ్‌వేర్ గడియారాన్ని సిస్టమ్ టైమ్‌కి కలపండి. నెట్‌వర్క్ నుంచి టైమ్ తెచ్చే ఎన్‌టీపీ వల్ల పైకి టైమ్ సరిగ్గా కనబడుతున్నా, లోపలి గడియారం ఎక్కడుందో ఎవరికి తెలుసు.

ఇక రెండో భయం. ఇది నాకు హుద్‌హుద్ తుఫాను నేర్పింది. 2014 అక్టోబర్ 12, అదీ ఆదివారమే. ఊళ్లో కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు. డీజిల్ ఉన్నన్నాళ్లు జనరేటర్లు నడిచాయి, తర్వాత సర్వర్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాం. కరెంటు వచ్చాక ఒక ఆఫీసులో స్విచ్ వేస్తే రెయిడ్ 5లో రెండు డిస్కులు లేవలేదు. అంతకు ముందు ఒక్క ఎర్రర్ కూడా చూపించనివి. బయటికి తీసి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా టిక్ మంటుంది, కాస్త ఆగి మళ్లీ టిక్ మంటుంది, చక్రం తిరిగే చప్పుడు మాత్రం లేదు. ఒక డిస్కు పోతే రెయిడ్ 5 తట్టుకుంటుంది, రెండు పోతే డేటా పోయినట్టే. ఆ ఆఫీసు వాళ్లు అంతకు ముందు నెల బ్యాకప్‌తో సరిపెట్టుకున్నారు.

దీంట్లో వింతేమీ లేదు. తిరుగుతున్న డిస్కుకి తిరుగుతూ ఉండటం తేలిక. ఆగి చల్లారాక బేరింగులో లూబ్రికెంట్ చిక్కబడుతుంది, నిలబడ్డ చోటు నుంచి మొదటి చుట్టు తిప్పడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఏళ్లుగా అరిగినదంతా అక్కడే బయటపడుతుంది. పవర్ సప్లైలో కెపాసిటర్ల కథా ఇంతే. మీ మూడు డిస్కులూ ఒకే రోజు కొన్నవి, ఒకే గంటలు తిరిగినవి. స్మార్ట్ రిపోర్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే చెప్పేది) తీయండి, కానీ అది బాగుందని నిశ్చింతగా ఉండకండి. అదే సైజు ఎస్‌ఏఎస్ (సర్వర్ రకం) డిస్కు కనీసం ఒకటి శనివారం లోపు చేతిలో ఉండాలి. ఇవి ద్వారకానగర్ షాపులో అడగ్గానే ఇచ్చేవి కావు, ఇవాళే వేట మొదలుపెట్టండి.

సీమాస్ బ్యాటరీ, అదే సీఆర్2032 బిళ్ల, ఈపాటికి అయిపోయి ఉంటుంది. పవర్ కేబుల్ ప్లగ్‌లో ఉన్నంతవరకు తెలియదు, కరెంటు పూర్తిగా పోతే బయోస్ సెట్టింగులు ఎగిరిపోతాయి. శనివారం రీబూట్ అప్పుడు బయోస్‌లోకి వెళ్లి ప్రతి స్క్రీనూ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఆదివారం బిళ్ల మార్చండి. మానిటర్, కీబోర్డ్ ముందే తగిలించి ఉంచండి. ఎఫ్1 నొక్కమని అది, నొక్కేవాడు లేక మీరు, ఇద్దరూ ఎదురుచూడటం ఎందుకు.

చివరగా, ఎలాగూ ఆపాం కదా అని ర్యామ్ పీకి దుమ్ము దులపకండి. మన ఊరి ఉప్పుగాలికి కాంటాక్టుల మీద తుప్పు పడుతుంది. కదపనంతకాలం పనిచేసే ర్యామ్ కదిపితే మొండికేయొచ్చు. ఒక రోజుకి ఒక మార్పు చాలు.


గాజువాక_నైట్‌షిఫ్ట్ (బుధవారం మధ్యాహ్నం)

పాతకాపు గారు అన్నీ చెప్పేశారు, ఒకటి కలుపుతాను. జియాన్ ఈ5, సెంట్‌ఓఎస్ 6 అన్నారు కాబట్టే రాస్తున్నాను.

ఆ 2.6.32 కెర్నల్‌లో 208 రోజుల బగ్ ఒకటి ఉండేది. షెడ్యూలర్ గడియారం లెక్క దాదాపు 208 రోజుల 12 గంటలకి పొంగిపోయి మిషన్ పడిపోయేది. మీది రెండు వేల రోజులు నడిచిందంటే దాన్ని సరిచేసిన కెర్నలే. కానీ దానికో తమ్ముడున్నాడు. ఈ5 ప్రాసెసర్లలో టైమ్ స్టాంప్ కౌంటర్ ఉత్త రీబూట్‌తో సున్నాకి రాదు, పవర్ తీస్తేనే వస్తుంది. అంత పెద్ద అంకెతో పాత కెర్నల్ మళ్లీ బూట్ అవబోతే మొదట్లోనే కొయ్యబారిపోవచ్చు. 2013 కెర్నల్ అంటున్నారు కాబట్టి మీకు ఇది తగిలే అవకాశం ఉంది.

పాత 2.4 కెర్నల్స్‌లో 497 రోజులకి అప్‌టైమ్ సున్నా అయిపోయేది కూడా ఇలాంటి లెక్క తప్పే. 32 బిట్ల అంకె, సెకనుకి వంద టిక్కులు, అక్కడికి నిండిపోతుంది. అది మాత్రం చూపించడంలో తేడాయే, ప్రమాదం ఏం లేదు.


చినవాల్తేరు_పాతకాపు (బుధవారం సాయంత్రం)

మంచి మాట చెప్పారు, ఇది నా బుర్రకి తట్టలేదు. అయినా శనివారం రీబూట్ మానకండి. కెర్నల్ లోడ్ అవుతూ మొదట్లోనే ఆగిపోతే డిస్కుల మీద అనుమానపడకండి. పవర్ తీసి, అర నిమిషం ఆగి, మళ్లీ వేయండి. అర నిమిషంలో డిస్కులు చల్లారవు, కౌంటర్ మాత్రం సున్నా అవుతుంది.


కొత్తరోడ్డు_సిస్టమ్స్ (గురువారం రాత్రి)

ఏటండీ బాబూ, తవ్వేకొద్దీ బయటపడుతున్నాయి.

రూట్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, సుడోతో మార్చేశాను. ఎఫ్‌స్టాబ్‌లో, ర్యాక్ జరిపాక ఎప్పుడో తీసేసిన ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు లైను ఉంది, చివర 2 అంకెతో సహా. దాని ముందు హ్యాష్ పెట్టి, ఆ లైను పనిచేయకుండా చేశాను. ఐస్‌గేట్‌లో (కస్టమ్స్ పోర్టల్) ఫైలింగ్ చేసే పీసీ బయటికి వెళ్లే నెట్‌వర్క్ రూట్ మెమరీలో మాత్రమే ఉంది, ఏ ఫైల్లోనూ లేదు. అది పోయి ఉంటే సోమవారం పొద్దున్నే మా ఆఫీసులో కురుక్షేత్రమే.

అసలు గుండెల్లో రాయి పడ్డది ఎల్‌ఎస్‌ఓఎఫ్ దగ్గర. చేత్తో లేపింది టామ్‌క్యాటే అని తేలింది. అది పట్టుకుని ఉన్న బిల్లింగ్ జార్ ఫైలు (ప్రోగ్రామ్ ఉండే జావా ఫైలు) పక్కన ‘డిలీటెడ్’ అని ఉంది. డైరెక్టరీలో అదే పేరుతో ఇంకో జార్ ఉంది, సైజు వేరు, తేదీ 2021. అంటే వెండర్ మనిషి ఎవరో కొత్తది పెట్టి, రీస్టార్ట్ చేయకుండా వెళ్లిపోయినట్టున్నాడు. ఇన్నాళ్లూ నడుస్తున్నది పాతది. ఇప్పుడు రీబూట్ చేస్తే ఎవరూ ఏనాడూ నడిపి చూడని కొత్తది లేస్తుంది. ఏం చేయమంటారు?


చినవాల్తేరు_పాతకాపు (గురువారం రాత్రి)

టామ్‌క్యాట్‌ని ఆపకముందే పాత జార్‌ని వెనక్కి తెచ్చుకోండి. ప్రాక్‌లో ఆ ప్రాసెస్ కింద ఎఫ్‌డీ డైరెక్టరీలో ఎల్‌ఎస్‌ఓఎఫ్ చూపించిన నంబరు ఉంటుంది. దాన్ని మామూలు ఫైలు లాగే సీపీతో కాపీ చేయండి, పూర్తి జార్ వచ్చేస్తుంది. అన్‌జిప్ టెస్ట్ పెట్టి ఫైలు చెడిపోలేదని చూసుకోండి. 2021 నాటిదాన్ని పేరు మార్చి పక్కన పడేసి, ఆ చోట పాతది పెట్టండి. శనివారం పాతదానితోనే లేపండి. కొత్తదానిలో ఏముందో ఇంకో రోజు, డంప్ రీస్టోర్ చేసిన ఆ పీసీ మీద తీరిగ్గా చూసుకోవచ్చు. కొత్త జార్ డేటాబేస్ టేబుళ్లని మార్చేసే రకమైతే మళ్లీ వెనక్కి రాలేరు.

డిస్కు దొరికిందా?


కొత్తరోడ్డు_సిస్టమ్స్ (గురువారం రాత్రి)

దొరికింది. ఇక్కడ లేదు, హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో వస్తోంది. రేపు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తీసుకోవాలి.


కొత్తరోడ్డు_సిస్టమ్స్ (సోమవారం మధ్యాహ్నం)

అయిపోయింది. క్లుప్తంగా రాస్తున్నాను, ఇంకా నిద్రమత్తులోనే ఉన్నాను.

శనివారం రాత్రి రీబూట్ కొడితే గాజువాక గారు చెప్పినట్టే అయింది. గ్రబ్ దాటి, రెండు లైన్లు వచ్చి, కర్సర్ కూడా మినుకుమనకుండా ఆగిపోయింది. ముందే చదవకపోయి ఉంటే అక్కడే నా పని అయిపోయేది. పవర్ తీసి వేస్తే కదిలింది. డేటా పార్టిషన్ మీద ఎఫ్‌ఎస్‌సీకే మొదలైంది, శాతం చూపించే గీత అసలు జరగట్లేదనిపించింది. డిస్కుల ఆకుపచ్చ లైట్లు వెలిగి ఆరుతుంటే అది చూసుకుంటూ కూర్చున్నాను. ఒంటిగంట దాటాక లాగిన్ వచ్చింది. పాత జార్‌తో టామ్‌క్యాట్ లేచింది. దానికి స్టార్టప్ స్క్రిప్ట్ రాసి, ఆ నెట్‌వర్క్ రూట్‌ని కూడా ఫైల్లో రాసి, తెల్లారేలోపు ఇంకోసారి రీబూట్ చేశాను. ఈసారి ఏదీ చేత్తో ముట్టుకోకుండా అన్నీ వాటంతటవే వచ్చాయి.

ఆదివారం ఆపి బిళ్ల మార్చాను. సాయంత్రం ఆరున్నరకి కరెంటు ఇచ్చారు. బయోస్ తేదీ ఎక్కడికో వెనక్కి వెళ్లిపోయింది, ఫోటోలు చూసి సెట్టింగులన్నీ మళ్లీ పెట్టాను. రెయిడ్ కార్డు దగ్గర ఆగి, రెయిడ్ 5 డిగ్రేడ్ అయిందంది. మూడో స్లాట్‌లో ఆరెంజ్ లైటు. తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను సార్. మీరన్న ఆ టిక్కే.

మిగతా రెండూ లేచాయి కాబట్టి డేటా అంతా ఉంది. బస్సులో వచ్చిన డిస్కు పెట్టే ముందు షేర్ మొత్తాన్ని ఇంకో యూఎస్‌బీ డిస్కులోకి కాపీ చేసుకున్నాను. ఇప్పుడు రీబిల్డ్ అరవై శాతం దాటింది, కొంచెం స్లో అన్న మాటే గానీ బిల్లింగ్ నడుస్తోంది. మేనేజర్ గారికి పాడైన డిస్కు చూపిస్తే, మిగతా నాలుగింటికీ కొటేషన్ తెమ్మన్నారు. అవి వచ్చాక అన్నీ ఒకే ఆదివారం మార్చేయొచ్చా?


చినవాల్తేరు_పాతకాపు (సోమవారం సాయంత్రం)

వద్దు. రెయిడ్ 5లో ఒకటి మార్చండి, రీబిల్డ్ పూర్తై కార్డు ‘ఆప్టిమల్’ అన్నాకే రెండోది తీయండి. రీబిల్డ్ జరుగుతున్నంతసేపూ మిగిలిన పాత డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువ ఉంటుంది, కాబట్టి ప్రతిసారీ ముందు బ్యాకప్ తీసుకోండి. రెయిడ్ 1లో రెండూ ఆ తర్వాత. హాట్‌స్వాప్ (నడుస్తుండగానే డిస్కు మార్చగలిగే) ట్రేలే అయితే ఇందుకోసం సర్వర్ ఆపాల్సిన పని కూడా లేదు. కొటేషన్‌లో నాలుగు కాదు, అయిదు రాయించండి, ఒకటి బీరువాలో ఉండాలి.